ఐపీఎల్ ట్రేడ్: బెంచ్ ప్లేయర్ కోసం డీల్ చేయాలా, వద్దా? సన్‌రైజర్స్ అనుభవం చెబుతున్నది ఇదీ

బెల్లంకొండ (పల్నాడు జిల్లా): ట్రేడ్ విండో తెరుచుకుందంటే చాలు.. టీ కొట్టు దగ్గర, బస్టాప్ దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. సంజూ శాంసన్ ఎటు వెళ్తాడు, జడేజాను ఎవరు తీసుకుంటారు అన్నది పెద్ద చర్చ. దాని పక్కనే ఇంకో చిన్న చర్చ నడుస్తూ ఉంటుంది. "అన్నా, ఉన్న స్పిన్నర్లనే సరిగ్గా ఆడించట్లేదు. మళ్లీ ఇంకో స్పిన్నర్ కోసం డీల్ ఎందుకు?" అని ఒకరంటే, "రేపు వీడికి దెబ్బ తగిలితే ఎవరు వేస్తార్రా?" అని ఇంకొకరు. ఈ రెండో చర్చకు టీవీల్లో టైమ్ దొరకదు. కానీ సన్‌రైజర్స్ హైదరాబాద్ చరిత్ర చూస్తే ప్లేఆఫ్ మ్యాచ్‌లు మలుపు తిరిగింది చాలాసార్లు ఈ చిన్న డీల్స్ దగ్గరే.

అసలు ట్రేడ్ రూల్స్ ఏంటి? తుది జట్టులో చోటు గ్యారంటీ లేని ప్లేయర్ కోసం జట్లు ఎందుకు ఆరాటపడతాయి? అందుకు ఏం ఇచ్చుకోవాల్సి వస్తుంది? సన్‌రైజర్స్ చేసిన డీల్స్ ఆధారంగా పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

• 2018లో శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి సన్‌రైజర్స్ ముగ్గురిని తీసుకుంది. ఆ ముగ్గురిలో అతి తక్కువ ధర ఉన్న కుర్రాడే అభిషేక్ శర్మ.
• 2023లో మయాంక్ డాగర్‌ను బెంగళూరుకు ఇచ్చి షాబాజ్ అహ్మద్‌ను తెచ్చుకుంది.
• 2024 క్వాలిఫయర్-2లో రాజస్థాన్ కోల్పోయిన 7 వికెట్లలో 5 ఈ ఇద్దరివే.
• 2025 నవంబర్‌లో మహమ్మద్ షమీని లక్నోకు ఇచ్చి రూ.10 కోట్లు పర్స్‌లోకి తెచ్చుకుంది.

ట్రేడ్ అంటే ఏంటి? రూల్స్ ఏం చెబుతున్నాయి?

వేలంతో సంబంధం లేకుండా ఒక ఫ్రాంచైజీ ప్లేయర్ నేరుగా ఇంకో ఫ్రాంచైజీకి మారడమే ట్రేడ్. ఐపీఎల్‌లో ఇది 2009 సీజన్‌కు ముందు మొదలైంది. అప్పుడే జహీర్ ఖాన్ బెంగళూరు నుంచి ముంబైకి, రాబిన్ ఉతప్ప ముంబై నుంచి బెంగళూరుకు మారారు. అదే విండోలో శిఖర్ ధావన్ ఢిల్లీ నుంచి ముంబైకి, ఆశిష్ నెహ్రా ముంబై నుంచి ఢిల్లీకి వెళ్లారు.

ట్రేడ్ రెండు రకాలు. ఒకటి డబ్బు డీల్. అంటే ప్లేయర్‌ను తీసుకునే జట్టు అతని ధరను తన పర్స్ నుంచి కట్టుకుంటుంది, ఇచ్చే జట్టుకు అంత పర్స్ మిగులుతుంది. రెండోది మార్పిడి. ప్లేయర్‌కు ప్లేయర్. ధరల్లో తేడా ఉంటే ఆ తేడాను లెక్క కట్టి సర్దుకుంటారు.

టైమింగ్ విషయానికొస్తే, సీజన్ అయిపోయిన 7 రోజుల తర్వాత విండో తెరుస్తారు. వేలానికి 7 రోజుల ముందు మూస్తారు. వేలం అయ్యాక మళ్లీ తెరిచి, కొత్త సీజన్‌కు నెల రోజుల ముందు వరకు ఉంచుతారు. అయితే ఆ వేలంలో కొన్న ప్లేయర్‌ను వెంటనే ఇంకో జట్టుకు ట్రేడ్ చేయడానికి వీల్లేదు. ప్లేయర్ ఒప్పుకోవాలి, బీసీసీఐ ఆమోదం కావాలి. ఈ రెండూ లేకుండా ఏ డీల్ చెల్లదు.

ప్లేయర్ తనంతట తాను వెళ్లి వేరే ఫ్రాంచైజీతో బేరం మాట్లాడకూడదు. ఈ రూల్ దాటినందుకే 2010 సీజన్ మొత్తానికి రవీంద్ర జడేజాపై నిషేధం పడింది. అదే జడేజా 2025 నవంబర్‌లో పద్ధతి ప్రకారమే ట్రేడ్‌లో చెన్నై నుంచి రాజస్థాన్‌కు మారాడు.

'డెప్త్' ప్లేయర్ అంటే ఎవరు?

ఈ మాట ఎక్కువగా వినిపించేది అమెరికా, కెనడాల్లో ఆడే ఐస్ హాకీలో. అక్కడ ఒక్కో జట్టుకు నాలుగు లైన్లు ఉంటాయి. మొదటి రెండు లైన్లలో స్టార్లు, మూడు, నాలుగు లైన్లలో ఆడే సెంటర్‌ను 'డెప్త్ సెంటర్' అంటారు. ప్లేఆఫ్స్‌కు ముందు ట్రేడ్ గడువు దగ్గర పడుతుంటే అలాంటి ఒక సెంటర్ కోసం డ్రాఫ్ట్ పిక్ ఇవ్వాలా వద్దా అని అక్కడి ఫ్యాన్స్ కొట్టుకు చస్తారు. డ్రాఫ్ట్ పిక్ అంటే రాబోయే ఏళ్లలో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కు.

ఐపీఎల్‌లో డ్రాఫ్ట్ లేదు. కాబట్టి ఇక్కడ ఇచ్చుకోవడానికి రెండే ఉంటాయి. పర్స్‌లో డబ్బు, లేదంటే జట్టులో ఉన్న మనిషి. లెక్క అంత తేలిక కాకపోవడానికి కారణం ఇదే.

ఒక ఐపీఎల్ జట్టులో కనీసం 18 మంది, గరిష్ఠంగా 25 మంది ఉండొచ్చు. అందులో విదేశీయులు 8 మందికి మించకూడదు. తుది జట్టులో విదేశీయులు నలుగురే. అంటే 25 మందిలో 11 మంది ఆడితే 14 మంది బయట ఉంటారు. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ వచ్చాక ఈ లెక్క మారింది. టాస్ టైమ్‌లో 11 మందితో పాటు ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లు ఇవ్వాలి. వాళ్లలో ఒకరు మధ్యలో బ్యాట్ పట్టొచ్చు, బంతి అందుకోవచ్చు. అప్పటిదాకా డ్రింక్స్ మోసే వాడికి ఒక్క రాత్రిలో మ్యాచ్ గెలిపించే చాన్స్ వచ్చింది. బెంచ్ విలువ పెరగడానికి ఇదే పెద్ద కారణం.

డీల్ 1: ధావన్ పోయాడు, ముగ్గురు వచ్చారు (2018)

2018 వేలంలో సన్‌రైజర్స్ రైట్ టు మ్యాచ్ కార్డు వాడి ధావన్‌ను రూ.5.2 కోట్లకు తిరిగి తీసుకుంది. ఆ మొత్తంపై ధావన్ అసంతృప్తిగా ఉన్నాడని తర్వాత ఫ్రాంచైజీయే ప్రకటనలో చెప్పింది. ఆ ఏడాది నవంబర్‌లో డీల్ ఖరారైంది. ధావన్ ఢిల్లీకి, అక్కడి నుంచి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ హైదరాబాద్‌కు.

లెక్క ఇలా ఉంది. విజయ్ శంకర్ రూ.3.2 కోట్లు, నదీమ్ రూ.3.2 కోట్లు, అభిషేక్ రూ.55 లక్షలు. మొత్తం రూ.6.95 కోట్లు. ధావన్ ధర పోగా మిగిలిన రూ.1.75 కోట్లు సన్‌రైజర్స్ చెల్లించింది.

అప్పట్లో ఫ్యాన్స్ మాట్లాడుకున్నది విజయ్ శంకర్ ఆల్‌రౌండ్ ఆట గురించి, నదీమ్ ఎడమచేతి స్పిన్ గురించి. 18 ఏళ్ల అభిషేక్ ఆ డీల్‌లో కూరగాయల బేరంలో కొసరు లాంటివాడు. రెండు కిలోల టమాటా కొంటే మీద వేసే నాలుగు పచ్చిమిర్చి అన్నమాట.

మొదట్లో డీల్ ఢిల్లీకే కలిసొచ్చింది. ధావన్ అక్కడ 2019లో 521 పరుగులు, 2020లో 618 పరుగులు చేశాడు. ఐపీఎల్‌లో వరుసగా రెండు మ్యాచ్‌ల్లో సెంచరీలు కొట్టిన తొలి బ్యాటర్ అయ్యాడు. అంతటితో ఆగలేదు. 2020 నవంబర్ 8న అబుదాబిలో జరిగిన క్వాలిఫయర్-2లో ఢిల్లీ ఎదుట నిలిచింది సన్‌రైజర్సే. ధావన్ 50 బంతుల్లో 78 పరుగులు బాదాడు. ఢిల్లీ 189 చేస్తే సన్‌రైజర్స్ 172 దగ్గర ఆగిపోయింది. 17 పరుగుల తేడాతో ఫైనల్ చాన్స్ పోయింది. తాను ఇచ్చేసిన ప్లేయరే తనను ఇంటికి పంపాడు. ఆ రాత్రి ఓటేయమంటే హైదరాబాద్ ఫ్యాన్స్‌లో ఎక్కువ మంది 2018 డీల్ తప్పనే అనేవాళ్లు.

ఆ తర్వాత సీన్ మారింది. అభిషేక్ 2024 సీజన్‌లో 204కు పైగా స్ట్రైక్ రేట్‌తో 484 పరుగులు చేశాడు. 42 సిక్సర్లు కొట్టి ఆ సీజన్‌లో టాప్‌లో నిలిచాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్‌పై 55 బంతుల్లో 141 పరుగులు చేశాడు. 246 పరుగుల లక్ష్యాన్ని సన్‌రైజర్స్ ఇంకా 9 బంతులు మిగిలి ఉండగానే ఊదేసింది. కొసరు కాస్తా అసలును మించిపోయింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 2022 మెగా వేలానికి ముందు అభిషేక్‌ను సన్‌రైజర్స్ అట్టిపెట్టుకోలేదు. వేలంలో రూ.6.5 కోట్లు పెట్టి మళ్లీ కొనుక్కుంది. 2025కు రూ.14 కోట్లకు రిటైన్ చేసుకుంది. రూ.55 లక్షల డీల్ ఫలితం పూర్తిగా ఫ్రీగా ఏమీ రాలేదు. ట్రేడ్ ఇచ్చింది ఆ కుర్రాడిని మూడు సీజన్ల పాటు దగ్గరుండి చూసే చాన్స్. ఎంత వరకు వేలం పాడాలో తెలిసింది కూడా దానివల్లే.

డీల్ 2: స్పిన్నర్‌కు స్పిన్నర్ (2023)

2023 నవంబర్‌లో దేశమంతా హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లడం గురించే మాట్లాడుకుంది. అదే విండోలో సన్‌రైజర్స్ చిన్న మార్పిడి చేసింది. ఎడమచేతి స్పిన్నర్ మయాంక్ డాగర్‌ను బెంగళూరుకు ఇచ్చి, బెంగాల్ ఆల్‌రౌండర్ షాబాజ్ అహ్మద్‌ను తెచ్చుకుంది. డాగర్ ధర రూ.1.8 కోట్లు, షాబాజ్ ధర రూ.2.4 కోట్లు. ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. తేడా అల్లా బ్యాటింగ్‌లోనే.

అప్పుడు చాలామందికి అర్థం కాలేదు. వాషింగ్టన్ సుందర్ ఉన్నాడు, మయాంక్ మార్కండే ఉన్నాడు. ఆ డిసెంబర్ వేలంలో శ్రీలంక స్పిన్నర్ వనిందు హసరంగను కూడా రూ.1.5 కోట్లకు కొన్నారు. ఇంతమంది ఉండగా షాబాజ్ ఎక్కడ ఆడతాడని ప్రశ్న.

సీజన్ మొదలయ్యాక జవాబు తెలిసింది. మడమ గాయంతో హసరంగ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే దూరమయ్యాడు. అతని బదులు విజయకాంత్ వియస్కాంత్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది. సుందర్ ఆడింది రెండే మ్యాచ్‌లు. కాగితం మీద నిండుగా కనిపించిన స్పిన్ విభాగం మే నెల వచ్చేసరికి పలచబడింది.

చెపాక్‌లో ఆ రాత్రి

2024 మే 24, చెన్నై చెపాక్ స్టేడియం. క్వాలిఫయర్-2, ప్రత్యర్థి రాజస్థాన్ రాయల్స్. గెలిస్తే ఫైనల్. సన్‌రైజర్స్ 120 పరుగులకే 6 వికెట్లు కోల్పోయిన టైమ్‌లో షాబాజ్‌ను ఇంపాక్ట్ ప్లేయర్‌గా దింపారు. క్లాసెన్ అర్ధసెంచరీకి తోడుగా అతను 18 బంతుల్లో 18 పరుగులు చేశాడు. స్కోర్‌కార్డులో పెద్దగా కనిపించని ఇన్నింగ్స్ అది. కానీ ఆ టైమ్‌లో ఇంకో వికెట్ పడితే 150 కూడా కష్టమయ్యేది. స్కోరు 175కు చేరింది.

ఆ తర్వాత అసలు కథ. దంచి కొడుతున్న యశస్వి జైస్వాల్‌ను షాబాజ్ ఔట్ చేశాడు. కాసేపటికి కెప్టెన్ సంజూ శాంసన్‌ను అభిషేక్ పెవిలియన్ పంపాడు. మళ్లీ షాబాజ్ వచ్చి ఒకే ఓవర్‌లో రియాన్ పరాగ్‌ను, అశ్విన్‌ను వెనక్కి పంపాడు. హెట్‌మయర్‌ను అభిషేక్ బౌల్డ్ చేశాడు. షాబాజ్ 4 ఓవర్లలో 23 పరుగులిచ్చి 3 వికెట్లు, అభిషేక్ 24 పరుగులిచ్చి 2 వికెట్లు. రాజస్థాన్ 7 వికెట్లకు 139 దగ్గర ఆగింది. సన్‌రైజర్స్ 36 పరుగుల తేడాతో గెలిచి ఫైనల్‌కు వెళ్లింది. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ షాబాజ్.

ఒకరు 2018 డీల్‌లో వచ్చిన కొసరు. ఇంకొకరు 2023 డీల్‌లో వచ్చిన బెంచ్ స్పిన్నర్. ఆ రాత్రి జట్టును ఫైనల్‌కు చేర్చింది ఈ ఇద్దరి 8 ఓవర్లు.

రెండు రోజుల తర్వాత జరిగిన ఫైనల్‌ను కూడా మర్చిపోకూడదు. కోల్‌కతాపై సన్‌రైజర్స్ 113కే ఆలౌట్ అయింది. 8 వికెట్ల తేడాతో ఓడింది. టాప్ ఆర్డర్ మొత్తం కూలిపోతే ఏ బెంచ్ ప్లేయరూ కాపాడలేడు. ఆ సీజన్ తర్వాత మెగా వేలం వచ్చింది, షాబాజ్ లక్నోకు వెళ్లిపోయాడు. అంటే సన్‌రైజర్స్‌కు ఆ డీల్ ఇచ్చింది ఒక్క సీజన్. మరి ఒక్క సీజన్‌కు అది లాభమా, నష్టమా? ఫైనల్ టికెట్ తెచ్చిన డీల్‌ను నష్టం అనడం కష్టం.

ట్రేడ్ లేకుండానే డెప్త్ రాదా?

వస్తుంది. సన్‌రైజర్స్ గెలిచిన ఒకే ఒక్క టైటిల్ అందుకు సాక్ష్యం. 2016 క్వాలిఫయర్-2కు గాయంతో ముస్తాఫిజుర్ దూరమైతే బెంచ్ మీద ఉన్న ట్రెంట్ బౌల్ట్ ఆడాడు. అదే మ్యాచ్‌లో వార్నర్ ఒంటరి పోరాటం చేస్తుంటే బిపుల్ శర్మ వచ్చి 11 బంతుల్లో 27 పరుగులు బాదాడు. మే 29న బెంగళూరులో ఫైనల్. బెన్ కటింగ్ 15 బంతుల్లో 39 నాటౌట్, ఆపై గేల్, రాహుల్ వికెట్లు. డివిలియర్స్ వికెట్ బిపుల్‌ది. 8 పరుగుల తేడాతో కప్ వచ్చింది. కటింగ్ ఆ సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు బయట కూర్చుని చూసినవాడే.

రెండో దారి గాయపడిన ప్లేయర్ బదులు కొత్తవాడిని తీసుకోవడం. ఇదివరకు జట్టు ఏడో లీగ్ మ్యాచ్ వరకే ఆ అవకాశం ఉండేది. 2025 నుంచి 12వ మ్యాచ్ వరకు పెంచారు. ఆ ఏడాది సన్‌రైజర్స్‌లో ఏం జరిగిందో చూడండి. ఆడమ్ జంపా రెండు మ్యాచ్‌లు ఆడి గాయంతో వెళ్లిపోయాడు. అతని బదులు కర్ణాటక బ్యాటర్ ఆర్.స్మరణ్ వచ్చాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అతనూ గాయపడ్డాడు. అతని బదులు విదర్భ స్పిన్నర్ హర్ష్ దూబే వచ్చాడు. ఒకే సీటులో ఒకే సీజన్‌లో ముగ్గురు. 2024-25 రంజీ సీజన్‌లో రికార్డు స్థాయిలో 69 వికెట్లు తీసిన దూబేను ఆ తర్వాత జట్టు అట్టిపెట్టుకుంది. ఎవరినీ ఇవ్వకుండానే ఒక స్పిన్నర్ దొరికాడు.

అయితే ఇందులో లోపం కూడా ఉంది. బదులు తీసుకునేటప్పుడు వేలంలో ఎవరూ కొనకుండా మిగిలినవాళ్లలోంచే వెతుక్కోవాలి. స్పిన్నర్ పోతే స్పిన్నరే దొరుకుతాడన్న గ్యారంటీ లేదు. పైన చెప్పిన కేసులో జంపా బదులు మొదట వచ్చింది బ్యాటరే. ట్రేడ్‌లో అలా కాదు, ఏ పనికి ఎవరు కావాలో ముందే చూసి తెచ్చుకోవచ్చు.

ట్రేడ్ చేయాలి అనేవాళ్ల వాదన

మొదటి పాయింట్ గాయాలు. సుమారు రెండు నెలల సీజన్, 14 లీగ్ మ్యాచ్‌లు, ఎండాకాలం. ఎవరికీ దెబ్బ తగలకుండా సీజన్ ముగియడం అరుదు.

రెండోది వేలంలో ఉండే పోటీ. కావాల్సిన ప్లేయర్ వేలంలోకి వస్తాడో లేదో తెలియదు, వచ్చినా ఇంకో జట్టు పాట పెంచేస్తుంది. ట్రేడ్‌లో రేటు ముందే తెలుస్తుంది.

మూడోది ఒక జట్టు బెంచ్ ఇంకో జట్టుకు తుది జట్టు కావడం. దీనికి క్వింటన్ డికాక్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2018లో బెంగళూరులో ఉన్న అతన్ని ముంబై రూ.2.8 కోట్లకు ట్రేడ్‌లో తీసుకుంది. మరుసటి సీజన్‌లో అతను 529 పరుగులు చేశాడు. ముంబై ఒక్క పరుగు తేడాతో చెన్నైని ఓడించి కప్ గెలిచింది. ఆ ఫైనల్ జరిగింది మన ఉప్పల్‌లోనే.

వద్దు అనేవాళ్ల వాదన

వాళ్ల మొదటి పాయింట్ కూడా బలమైనదే. ఇచ్చేవాడి విలువ ఇచ్చేటప్పుడు తెలియదు. 2018లో ఢిల్లీకి అభిషేక్ ఏమవుతాడో తెలిసి ఉంటే ఆ పేరు డీల్‌లో ఉండేదే కాదేమో. బెంచ్ నింపుకోవడానికి 18, 19 ఏళ్ల కుర్రాడిని ఇవ్వడం అంటే విత్తనాల వడ్లు అమ్మి బియ్యం కొనుక్కున్నట్టే.

రెండోది పర్స్. 2026కు ఒక్కో జట్టుకు మొత్తం రూ.125 కోట్లు. బయట కూర్చునేవాడికి రూ.2 కోట్లు పెడితే, ఆడాల్సిన వాడి దగ్గర ఆ రూ.2 కోట్లు తక్కువ పడతాయి.

మూడోది గడువు. మెగా వేలం వస్తే జట్లు దాదాపు ఖాళీ అవుతాయి. మెగా వేలానికి ఏడాది ముందు చేసే డీల్ అద్దె ఇల్లు లాంటిది. రంగులు వేయించినా ఏడాదికి ఖాళీ చేయాల్సిందే.

తిరగేసిన డీల్: షమీ కథ

2025 నవంబర్‌లో సన్‌రైజర్స్ దీనికి పూర్తిగా రివర్స్‌లో వెళ్లింది. మెగా వేలంలో రూ.10 కోట్లకు కొన్న మహమ్మద్ షమీని అదే ధరకు లక్నోకు ఇచ్చేసింది. బదులుగా ప్లేయర్ ఎవరూ రాలేదు, పర్స్ మాత్రమే వచ్చింది. 2025లో షమీ 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లే తీశాడు. అభిషేక్ 141 కొట్టిన ఆ పంజాబ్ మ్యాచ్‌లోనే షమీ 4 ఓవర్లలో 75 పరుగులిచ్చాడు.

ఫామ్ చూస్తే డీల్ కరెక్టే అనిపిస్తుంది. కానీ టెస్టుల్లో, వన్డేల్లో వందల వికెట్లు తీసిన ఒక పేసర్ పోయి ఆ చోటులో డబ్బు మిగిలింది. డబ్బు బౌలింగ్ వేయదు. దాన్ని వేలంలో ఎవరి మీద పెట్టారన్న దాన్ని బట్టే ఈ డీల్ మంచిదో చెడ్డదో తేలుతుంది.

అదే విండోలో శాంసన్ రూ.18 కోట్లకు చెన్నైకి, జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కు మారారు. హెడ్‌లైన్లన్నీ వాళ్లవే. ఆ లిస్టు చివర్లో ఇంకో పేరు ఉంది. 2024లో సన్‌రైజర్స్ స్పిన్నర్లలో ఒకడైన మయాంక్ మార్కండేను ముంబై కోల్‌కతా నుంచి రూ.30 లక్షలకు తీసుకుంది. డెప్త్ ట్రేడ్ అంటే సరిగ్గా ఇలాంటిదే. తక్కువ రేటు, తెలిసిన ప్లేయర్, ఎవరినీ ఇచ్చుకోనక్కర్లేదు.

బెంచ్ మీద కూర్చునే వాడి సంగతేంటి?

ఈ చర్చలో చాలామంది వదిలేసే కోణం ఇది. అందుకు దూరం వెళ్లక్కర్లేదు, పక్కనున్న గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ను చూస్తే చాలు. 2022 అండర్-19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకు అతను వైస్ కెప్టెన్. ఆస్ట్రేలియాతో సెమీస్‌లో 94, ఇంగ్లండ్‌తో ఫైనల్‌లో 50 చేశాడు. ఆ ఏడాది డిసెంబర్ వేలంలో చెన్నై రూ.20 లక్షలకు కొన్నది. 2023లో ఒక్క మ్యాచ్ లేదు. 2024లోనూ లేదు. చివరకు 2025 ఏప్రిల్ 14న లక్నోపై తొలి మ్యాచ్ ఆడాడు. ఓపెనర్‌గా 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. ఆ నవంబర్‌లో చెన్నై విడుదల చేసింది.

జట్టు కోణంలో చూస్తే అతను డెప్త్. అతని కోణంలో చూస్తే 18 నుంచి 20 ఏళ్ల మధ్య రెండు పూర్తి సీజన్లు. స్టార్ల దగ్గర నేర్చుకునే అవకాశం ఉంటుంది, నిజమే. మ్యాచ్‌లో వచ్చే అనుభవం మాత్రం నెట్స్‌లో రాదు. అందుకే చోటు లేని జట్టు నుంచి చోటు ఉన్న జట్టుకు వెళ్లే ట్రేడ్ కుర్రాడికి మేలే. ప్లేయర్ ఒప్పుకోవాలన్న రూల్ ఇక్కడే అక్కరకొస్తుంది.

డీల్ వార్త వచ్చినప్పుడు చూడాల్సిన 5 విషయాలు

1. ఖాళీ ఎక్కడ? ఉన్న ప్లేయర్ గాయపడితే ఆ పని చేసేవాడు జట్టులో ఇంకొకడు ఉన్నాడా? లేకపోతేనే ట్రేడ్ గురించి ఆలోచించాలి.
2. రెండో పని వచ్చా? షాబాజ్ బౌలింగ్‌తో పాటు 18 పరుగులూ చేశాడు. ఇంపాక్ట్ రూల్ ఉన్న రోజుల్లో ఒక్క పని మాత్రమే చేసే బెంచ్ ప్లేయర్ ఖరీదైన వ్యవహారం.
3. ఇస్తున్నది ఎవరిని? అదే రకం ప్లేయర్‌ను ఇస్తే రిస్క్ తక్కువ. 20 ఏళ్లలోపు కుర్రాడిని ఇస్తే రిస్క్ ఎక్కువ.
4. మెగా వేలం ఎంత దూరంలో ఉంది? రెండు, మూడు సీజన్లు ఉంటే సరే. ఒక్కటే ఉంటే ఆ సీజన్‌లోనే ఫలితం రావాలి.
5. వేలంలో దొరకడా? అదే రకం ప్లేయర్లు వేలంలో బేస్ ప్రైస్‌కే వస్తారనుకుంటే ట్రేడ్ అక్కర్లేదు.

మీ సందేహాలకు సమాధానాలు

సీజన్ మధ్యలో ఇలాంటి ట్రేడ్ చేయొచ్చా?
పైన చెప్పిన ట్రేడ్ విండో సీజన్‌కు నెల ముందే మూసేస్తారు. సీజన్ నడుస్తుండగా గాయపడిన వాడి బదులు కొత్తవాడిని తీసుకోవడమే జట్లు వాడే దారి.

ప్లేయర్ వద్దంటే?
డీల్ ఆగిపోతుంది. అతని అంగీకారం తప్పనిసరి.

ట్రేడ్‌లో ప్లేయర్ ధర మారుతుందా?
మారొచ్చు. చెన్నైలో రూ.18 కోట్లున్న జడేజా రాజస్థాన్‌కు రూ.14 కోట్లకు మారాడు.

విదేశీ ప్లేయర్‌ను డెప్త్ కోసం తెచ్చుకోవడం మంచిదేనా?
తుది జట్టులో నలుగురికే చోటు కాబట్టి ఆచితూచి అడుగేయాలి. బెంచ్ కోసం చేసే ట్రేడ్‌లో స్వదేశీ ప్లేయరే ఎక్కువ ఉపయోగం.

చివరగా

సంక్రాంతి టోర్నీలు ఆడే ఊళ్లలో అందరికీ తెలిసిన విషయమే ఇది. ఫైనల్‌కు ముందు పక్క ఊరి నుంచి ఒక బౌలర్‌ను పిలిపించుకుంటే తప్పు లేదు. అతని కోసం రోజూ గ్రౌండ్‌కు వచ్చే మన ఊరి పిల్లాడిని శాశ్వతంగా పక్కన పెడితేనే గొడవ మొదలవుతుంది. సన్‌రైజర్స్ లెక్క కూడా అంతకంటే వేరుగా ఏమీ లేదు. స్పిన్నర్‌కు స్పిన్నర్‌ను ఇచ్చి తెచ్చుకున్న షాబాజ్ ఒక్క సీజన్‌లోనే బాకీ తీర్చేశాడు. కొసరుగా వచ్చిన అభిషేక్‌ను ఇచ్చేసిన ఢిల్లీ మాత్రం అతను ఉప్పల్‌లో కొట్టే సిక్సర్లను బయటి నుంచి చూడాల్సి వస్తోంది. బెంచ్ కోసం డీల్ చేయొచ్చు. ఆ డీల్ కాగితంలో చివరి లైన్‌లో ఉన్న పేరును మాత్రం సంతకం పెట్టే ముందు ఇంకోసారి చదువుకోవాలి.